మిగతావాటి సొరుగు

రంపం బాబాయి కథ మొదలుపెట్టేసరికి నా గ్లాసులో టీ సగం నేల మీదుంది. ఆయన మాటలకు ఒలికింది కాదు. నా చేతులు నిలవడం లేదు, అంతే.

ఆ టీ కొట్టుకి ఇటువైపు రాష్ట్రం వాళ్ళ పోలీసు ఆఫీసు, దాని వెనక లాకప్పు. రోడ్డు దాటితే అటువైపు కేంద్రం వాళ్ళ వంతెనల ఆఫీసు. విడివిడిగా ఉన్న రాష్ట్రాలన్నీ కలిసి కొత్తగా ఒక దేశమైన రోజులు. రెండు బోర్డుల మీదా రంగు ఇంకా ఆరీ ఆరనట్టే ఉంది.

మా అబ్బాయి లాకప్పులో ఉన్నాడు.

వాడిది ఊరి వీధిదీపాల పని. మొన్న పొద్దుగూకేవేళ వంతెన మీద బల్బు మార్చడానికి స్తంభం ఎక్కాడు. బల్బు రాష్ట్రానిది. స్తంభం కేంద్రానిది. వంతెన కాపలా అతను ఈల వేసి దిగమన్నాడు. వీడు బల్బు బిగించి దిగుతానన్నాడు. అదే నేరం. వంతెనల ఆఫీసుకి లాకప్పు లేదు. అందుకని తెచ్చి రాష్ట్రం వాళ్ళ లాకప్పులో పెట్టారు.

ఇటు అడిగాను. "పట్టుకున్నది వాళ్ళు, వదలమని వాళ్ళే చెప్పాలి. మాది కాదమ్మా" అన్నాడు హెడ్డు. అటు అడిగాను. "మేం అప్పగించేశాం, తాళం వాళ్ళ దగ్గరుంది. మాది కాదమ్మా" అన్నాడు గుమస్తా. ఎన్నిసార్లు రోడ్డు దాటానో నాకే తెలీదు. మధ్యాహ్నం బండి వస్తుంది. అప్పటికి ఎవరో ఒకరు మాది అనకపోతే వాణ్ణి అందులో ఎక్కించి పెద్ద జైలుకి తోలేస్తారు.

"ఎవరిదీ కాని కేసు అక్కడికి పోయిందంటే మరి తిరిగి రాదమ్మా" అని టైపు కొట్టే అతను చెప్పాడు. అతను టీ కొట్టు గోడకి బల్ల వేసుకుని రెండు ఆఫీసులకీ అర్జీలు కొట్టి బతుకుతాడు. అబద్ధం చెప్పే అవసరం అతనికి లేదు.

వాడు స్తంభం ఎక్కేముందు చొక్కా విప్పి వంతెన కమ్మీకి తగిలించాడు. కాపలా అతను అది తెచ్చి నాకిచ్చాడు. లాకప్పులో ఇవ్వబోతే హెడ్డు పుచ్చుకోలేదు. వంతెన మీద దొరికిన వస్తువు కాబట్టి అది కేంద్రానిదట. అందుకని చొక్కా నా చేతిలోనే ఉంది.

అలా కూర్చుని ఉండగా లారీ డ్రైవరు ఒకడు వచ్చి బెంచీ మీద ధబీమని పడ్డాడు. ఇటువాళ్ళ పర్మిట్ చీటీ ఉందిట, అటువాళ్ళది లేదుట, లారీ వంతెన మొదట్లో ఆగిపోయిందిట.

"ఈ అధికారాలు ఎవడు పంచాడో గానీ" అన్నాడు డ్రైవరు, "వాడు కనపడితే బాగుణ్ణు."

"కనపడుతూనే ఉన్నాను కదా" అన్నాడు రంపం బాబాయి.

ఆయన వడ్రంగి. పెద్దవాడు. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉంటుంది. రంపం మాత్రం ఇంట్లో ఉంటుంది.

"మొదలైంది" అంది టీ పిన్ని, పాలు పొయ్యి మీంచి దించుతూ. "ఆయన రంపం తుప్పు పట్టి యేళ్ళయింది నాయనా. కోతలకు మాత్రం లోటు లేదు."

"నువ్వాగు పిన్నీ. పంచింది నేనే అంటే అంతా నేనే అని కాదు, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. రాష్ట్రాల పెద్దలందరూ రాజధానిలో పెద్ద హాల్లో కూర్చున్నారా, ఏ అధికారం రాష్ట్రానికి, ఏది కేంద్రానికి అని మాట్లాడుకుంటున్నారా, మధ్యలో ఒక బల్ల ఉంది, పేద్ద బల్ల, అది ఊగుతోంది. ఇటాయన మోచెయ్యి ఆనిస్తే అటాయన సిరాబుడ్డి ఒరిగిపోతోంది. ఆయనేమో లేచి, చూశారా, మా రాష్ట్రం మీద కుట్ర అంటాడు. పనీపాటా ముందుకు సాగదు. అప్పుడెవరో, పని తెలిసినవాణ్ణి పిలవండయ్యా అన్నారు. నేనా రోజుల్లో ఆ ఊళ్ళోనే మా తోడల్లుడింట్లో కిటికీలు బిగిస్తున్నాను. పిలిచారు. వెళ్ళాను. చూశాను. కాలు కింద చెక్కముక్క పెట్టాను. ఊగడం ఆగింది. అంతే."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతే అయితే నీకెందుకు చెప్తానోయ్? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు."

"నేను సంచి సర్దుకుని గుమ్మం దాటబోతున్నానా, అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఆగవయ్యా అన్నాడు. ఈ హాల్లో ఇంతమందిమి ఉన్నాం, వచ్చిన దగ్గర్నుంచీ మొదలెట్టిన పని పూర్తి చేసింది నువ్వొక్కడివే అన్నాడు. కుర్చీ వేయించాడు. నాకు! కూర్చోబోయే ముందు కదిపి చూశాను, అదీ ఊగుతోంది. దానికో ముక్క పెట్టి అప్పుడు కూర్చున్నాను. 'నువ్వు రోజూ చెక్కలు కోసేవాడివి, ఏది ఎంత కొయ్యాలో నీకు తెలుస్తుంది, ఈ దేశాన్ని ఎలా పంచుకోవాలో చెప్పు' అన్నాడు. నేనన్నానూ, అయ్యా, కొయ్యడం తర్వాత, ముందు కొలత, ఎవరి కొలబద్దలు వాళ్ళు తియ్యండి. తీశారు. చూద్దును కదా, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో మూర! ఒకరి మూర నా మోచేతి దాకా వస్తే ఇంకొకరిది భుజం దాటిపోయింది. ఒకాయనైతే బద్దకి బదులు బావమరిదిని తెచ్చాడు."

"బావమరిదినా?"

"మా దగ్గర నిలువంటే ఈయనేనండీ అన్నాడు. గోడ కట్టినా, బావి తవ్వినా ఆయన్ని తీసుకెళ్ళి నిలబెట్టి కొలుస్తారట. బావిలో కూడానట. నేనడిగాను, ఈయనకి వయసు మీదపడి నడుం వంగితే మీ ఊళ్ళో బావులన్నీ పూడుకుపోతాయా అని. హాలంతా ఘొల్లున నవ్వింది. ఇదుగో ఈ నోటితో చెప్పి రాయించాను, తూనికలు, కొలతలు కేంద్రానికి."

"మరి బావమరిది ఏమయ్యాడు?" అంది టీ పిన్ని.

"ఏమవుతాడు? కేంద్రంలో ఉద్యోగమిచ్చారు."

డ్రైవరు నవ్వాడు. టైపు అతను వేళ్ళు ఆపాడు. నేను లాకప్పు కిటికీ వైపు చూశాను. కమ్మీల వెనక చీకటిగా ఉంది. ఎవరూ కనపడలేదు.

"తర్వాత సైన్యం. రాష్ట్రానికో సైన్యం, సైన్యానికో బాజా. నేనన్నాను, ఒకే ఇంటికి పది తలుపులు, పదిమంది దగ్గర పది తాళాలు, దొంగ వస్తే ఎవరి తలుపులోంచి వచ్చాడని పంచాయితీ పెడతారా, దొంగని పట్టుకుంటారా? సైన్యం కేంద్రానికి. తపాలా, అదీ కేంద్రానికే, ఉత్తరం గడప దాటడానికే పుట్టింది కదా. ఇక బళ్ళూ, ఆస్పత్రులూ, మురిక్కాలవలూ, పోలీసులూ రాష్ట్రాలకి. ఎందుకంటావా? ఎక్కడో ఉన్న అత్తగారు ఇక్కడ పొయ్యి మీదున్న కూరలో ఉప్పు వెయ్యగలదా?"

"వేస్తుంది" అంది టీ పిన్ని. "మా అత్తగారు వేసేది."

"అందుకే కదా పిన్నీ, ఉప్పు మీద పన్ను ఎవరిదన్న దగ్గర తొమ్మిదిమంది అలిగి వెళ్ళిపోయారు. నేనే వెళ్ళి బతిమాలి తెచ్చాను. ఒకాయన మంచం కిందకి దూరి రానన్నాడు. మంచం కాళ్ళు కోసేశాను. ఇంక దూరడానికి చోటేదీ?"

"మంచం కింద ఆయనుండగానే కోశావా?" అన్నాడు డ్రైవరు.

"కొలిచి కోశానోయ్. ముక్కుకీ మంచానికీ మధ్య బొటనవేలు సందు వదిలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నది తగువు వచ్చింది. మూడు రాష్ట్రాల్లోంచి పారే నది. పై రాష్ట్రం వాడు, మా కొండల్లో పుట్టింది మాది అంటాడు. మధ్యవాడు, మా ఒడ్డున పెరిగింది మాది అంటాడు. కిందవాడు, మా దగ్గరే సముద్రంలో కలుస్తోంది, అంత్యక్రియలు చేసేవాళ్ళం మేము, ఆస్తి మాది అంటాడు. పొద్దెక్కింది, పొద్దుగూకింది. నేను విసిగిపోయి, ఎంతసేపని వింటాను, కోసేద్దాం అన్నాను."

"దేన్ని?"

"నదిని. నిలువుకోత. పెద్ద దుంగలు కోసే ఇద్దరి రంపం తెప్పించాను. గట్టు మీద నేనొక కొస, నది అడుగున మా తోడల్లుడొక కొస."

"నీళ్ళ అడుగున ఊపిరెలా పీల్చాడండీ?" అన్నాడు టైపు అతను.

"వాడికి నశ్యం అలవాటు. తుమ్ము బిగబట్టడం వచ్చినవాడికి ఊపిరొక లెక్కా? కోస్తుంటే పొట్టు రాలాలి కదా, నురుగు రాలింది. ఆ నురుగుతో మూడూళ్ళవాళ్ళు బట్టలుతుక్కున్నారు. పాపం చేపలే, తల ఈ ముక్కలో, తోక ఆ ముక్కలో పెట్టుకుని దిక్కులు చూస్తున్నాయి. ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని, అమ్మా నీది ఏ రాష్ట్రం అని అడిగి, దాని వాటాలో దాన్ని వేశాను."

"చేపలు చెప్పాయా?"

"నోటితో చెప్పక, నీ దగ్గరకొచ్చి అర్జీ కొట్టించుకుంటాయా?"

ఈసారి టైపు అతనే నవ్వాడు. పొద్దున్నుంచీ అతను నవ్వడం చూడలేదు. నా అర్జీ రెండు ఆఫీసుల నుంచీ తిరిగొచ్చి అతని బల్ల మీదే పడుంది.

హెడ్డు వరండాలోకి వచ్చాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు చివరికి చూశాడు. బండి కోసం. రాలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

టీ పిన్ని నా గ్లాసు తీసుకుని మళ్ళీ నింపింది.

"నేల అయిందా, నీళ్ళు అయ్యాయా, ఆకాశం మిగిలింది. ఆకాశానికి నిచ్చెన వేశాను. ఊరికే వేస్తే నిలుస్తుందా, ఊగుతుంది, కింద ఇంకో చెక్కముక్క పెట్టాను. పైకెక్కి పంచాను. ఉరుము కేంద్రానికి, వాన రాష్ట్రానికి."

"ఎందుకలాగా?" అన్నాడు డ్రైవరు.

"ఉరుము అందరికీ వినపడుతుంది. వాన కొందరి మీదే పడుతుంది. మెరుపు మాత్రం పంచలేకపోయాను నాయనా, బద్ద ఆనించేలోగా ఆరిపోతోంది. ఇదుగో, ఈ వేలి మీద ఈ మచ్చ ఉందే, అది అప్పటిదే."

"ఆ మచ్చ మా కుంపటి మీద కాల్చుకున్నది" అంది టీ పిన్ని.

"ఆ మచ్చ వేరు, ఈ మచ్చ వేరు. దాని పక్కనే కాలింది. సరే, ఆకాశం దిగాను. నిద్ర రాష్ట్రానికి ఇచ్చాను, కల కేంద్రానికి ఇచ్చాను. నిద్ర ఎవడి మంచం మీద వాడు పోతాడు, అది స్థానికం. కల ఏ ఊరు పోతుందో, ఎవరి గోడ దూకుతుందో ఎవడికి తెలుసు? హద్దు దాటేదేదైనా కేంద్రానిదే."

"గురక?"

"ఉమ్మడి. పెట్టేది ఒకడు, భరించేది ఇద్దరు."

బెంచీ ఊగిపోయేలా నవ్వాడు డ్రైవరు. లారీ సంగతి మర్చిపోయినట్టే ఉన్నాడు. బాబాయి చూపు మాత్రం ఎవరి మీదా నిలవడం లేదు. ఎక్కడో పైన ఉంది.

"ఇన్ని అధికారాలు పెట్టుకోవడానికి బీరువా కావాలా వద్దా? చేశాను. ఎంత బీరువా అనుకున్నారు! పై అరలో సూది పెట్టాలన్నా, పొద్దున ఎక్కిన మనిషి సగం దారిలో భోంచేసి, కునుకు తీసి, చీకటి పడేవేళకి చేరేవాడు. ఒక ఉద్యోగి పెళ్ళికాకముందు ఎక్కి, దిగేసరికి వాడి పెళ్ళికూతురికి వాడెవడో గుర్తు లేదు. ఎడమచేతివైపు సొరుగులు రాష్ట్రాలవి, కుడివైపువి కేంద్రానివి. నడుమ ఉమ్మడివి. వాటికి ఇటొక పిడి, అటొక పిడి. ఇద్దరూ ఒకేసారి లాగితే ఏంటని అడిగారు. దానికీ ఉపాయం చేశాను. కేంద్రం పిడిని వేలెడు లావు చేశాను. లాగుడు పోటీలో దానికే పట్టు దొరుకుతుంది. ఈ మాట బయటకి పొక్కనివ్వకండి."

"పొక్కడమెందుకు?" అన్నాడు డ్రైవరు. "రెండువైపులా లాగించుకుంటున్నది నేను. ఎవరి పట్టు గట్టిదో నాకు తెలీదూ?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నీ సర్దేశాం. హమ్మయ్య అనుకున్నాం. తీరా చూస్తే అడుగున ఒక సొరుగు ఖాళీ. ఇదేంటయ్యా అన్నారు. మిగతావి అన్నాను. మిగతావంటే ఏవి అన్నారు. అయ్యా, దేశం పసిబిడ్డ, ఇవాళ కుట్టిన చొక్కా రేపటికి పొట్టి అయిపోతుంది, రేపు ఏ వస్తువు పుడుతుందో ఏ తగువు లేస్తుందో మనకేం తెలుసు? పేరు పెట్టని ప్రతిదీ ఇందులోకే వస్తుంది అన్నాను."

చొక్కా అనగానే నా వేళ్ళు చొక్కా మడత మీద బిగుసుకున్నాయి.

"అంతే! అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా లేచారు. పేరున్నవాటి కోసం నోళ్ళతో కొట్టుకున్నవాళ్ళు, పేరు లేనిదాని కోసం చేతులతో కొట్టుకున్నారు. మాది అని వీళ్ళు, మాది అని వాళ్ళు. ఇటు లాగారు, అటు లాగారు, పిడి ఊడి చేతికొచ్చింది. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. నాయనా, ఈ సొరుగు ఇక్కడుంటే దేశం మిగలదు, నువ్వే పట్టుకుపో అన్నాడు. భుజాన వేసుకున్నాను. ఎంత బరువనుకున్నారు! ఖాళీ సొరుగే. కానీ ఇంకా పుట్టనివన్నీ ఉన్నాయి కదా అందులో. నేను అడుగేసిన చోటల్లా నేల కుంగింది. ఇవాళ మీరు చెరువులనుకుంటున్నవన్నీ నా అడుగులే. ఆ సొరుగు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అంటే ఏమిటి? ఈ దేశంలో రాష్ట్రం మాది కాదన్నదీ, కేంద్రం మాది కాదన్నదీ, అదంతా ఎవరిది?"

గుండె మీద అరచెయ్యి ఆనించుకున్నాడు.

"నాది."

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. నేను గ్లాసు కింద పెట్టాను.

"బాబాయ్" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. అప్పటిదాకా నేను మాట్లాడలేదు.

"మా అబ్బాయిని మాది కాదని ఇటువాళ్ళన్నారు. మాది కాదని అటువాళ్ళూ అన్నారు."

"అవునమ్మాయ్, విన్నాను, పాపం..."

"అయితే వాడు మీ సొరుగులోవాడే. పదండి. వదలమని చెప్పండి."

పాలు పొంగుతున్నా టీ పిన్ని చూసుకోలేదు.

"అది కాదమ్మాయ్" అన్నాడు బాబాయి. గొంతు సగానికి సగం దిగింది. "సొరుగుంది. ఉండటం ఉంది. అందులో మా ఆవిడ ఉల్లిపాయలు పోసింది."

"ఆ ఉల్లిపాయలు నే కొనుక్కుంటాలే" అంది టీ పిన్ని. "నువ్వు అధికారం పట్టుకుపో."

"పిడి కూడా లేదు దానికి."

"పిడి నేను కొనిపెడతా" అన్నాడు డ్రైవరు.

బాబాయి ఇంకేదో అనబోయాడు. అప్పుడే రోడ్డు చివర బండి హారను వినపడింది. దగ్గర్లో లేదు. కానీ వస్తోంది. ఆయన నా చేతుల వైపు చూశాడు. నేను చొక్కా కింద దాచుకున్నాను గానీ చొక్కా కూడా వణుకుతోంది.

లేచాడు. చెవి మీద పెన్సిలు సర్దుకున్నాడు. "పద" అన్నాడు.

ఏ ఆఫీసులోకి వెళ్ళాలో ఆయన అడగలేదు. నేనూ ఆలోచించలేదు. రోడ్డు మధ్యలో నిలబడ్డాం. పొద్దున్నుంచీ ఇద్దరితోనూ అణిగి మాట్లాడాను. ఇప్పుడు రెండు వరండాలకీ వినపడేలా అన్నాను.

"అయ్యా, ఇక మీకు శ్రమ లేదు. మా అబ్బాయిని వదిలే అధికారం ఉన్నాయన దొరికాడు."

హెడ్డు బయటకొచ్చాడు. "ఎవరది?"

"మీరు కాదు. అటువాళ్ళూ కాదు. మీరిద్దరూ మాది కాదన్నారు కదా, అలాంటివన్నీ ఈయనవట. మిగతావి."

బాబాయి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఆయన నోరు అలా మూతపడటం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

అటు వరండాలోంచి గుమస్తా చెప్పుల్లేకుండానే దిగొచ్చాడు. "మిగతావి ఈయనవేంటి? మిగతావి కేంద్రానివి!"

"ఎవరయ్యా చెప్పింది?" హెడ్డు మెట్లు దిగాడు. "పేరు పెట్టి మీకిచ్చినవే మీవి. మిగతావన్నీ రాష్ట్రానివి."

"వంతెన మాది. స్తంభం మాది. దాని మీదకి ఎక్కినవాడూ మావాడే."

"లాకప్పు మాది. తాళం మాది. లోపలున్నవాడు మావాడు."

"మేం పట్టుకున్నవాణ్ణి వదలాలంటే మేం చెప్పాలి."

"మా గదిలో ఉన్నవాణ్ణి వదలాలంటే మీరెవరు చెప్పడానికి? ఇదుగో, మేమే వదిలేస్తున్నాం."

"మీరు వదిలేదేంటి? వదలమని మేం ముందే అన్నాం!"

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడు!"

టైపు అతను అప్పటికే మిషన్లో కాగితం బిగించాడు. ఇద్దరి మాటలూ వరసగా కొట్టేశాడు. ఎవరి ముద్ర పైన ఉండాలన్న దగ్గర ఇంకాస్త రభస అయింది. "ఉమ్మడండీ" అని టైపు అతను రెండూ పక్కపక్కన వేయించాడు. గుమస్తా తన ముద్ర కొంచెం గట్టిగా నొక్కాడు.

బండి వచ్చి ఆగింది. ఎక్కించడానికి ఎవరూ లేరని హెడ్డు చెప్పాడు. బండివాడు టీ తాగి వెళ్ళిపోయాడు.

తాళం తీస్తూ హెడ్డు వెనక్కి తిరిగాడు. "ఇంతకీ నువ్వెవరయ్యా?"

"వడ్రంగిని బాబూ" అన్నాడు బాబాయి.

"నీ అధికారమేంటి?"

"బల్ల ఊగితే పిలుస్తారు."

మా అబ్బాయి బయటకొచ్చాడు. గడ్డం మాసింది. చొక్కా ఇచ్చాను. వేసుకున్నాడు. బొత్తాలు ఒకటి తప్పించి ఇంకొకటి పెట్టుకున్నాడు. విప్పి సరిచేశాను.

"దీపం వెలుగుతోందా?" అన్నాడు.

"లేదు. సగం బిగించి దిగావు."

తలూపాడు. వాడి మోచెయ్యి పట్టుకున్నాను. టీ కొట్టు దాకా వదల్లేదు.

టీ పిన్ని వాడి ముందు రెండు రొట్టెలు పెట్టింది. తల వంచుకుని తిన్నాడు. ఈలోగా బెంచీ మీదకి కొత్తవాళ్ళెవరో చేరారు. వంతెన దగ్గర ఆగిన ఇంకో లారీ వాళ్ళనుకుంటాను. బాబాయి గొంతు మళ్ళీ ఎప్పుడు లేచిందో గమనించలేదు.

"...రోడ్డు మధ్యలో నిలబడ్డానా, ఈ చేత్తో రాష్ట్రాన్ని పట్టుకున్నాను, ఈ చేత్తో కేంద్రాన్ని పట్టుకున్నాను. రెండూ వణికిపోయాయి. లాకప్పు గోడ నన్ను చూసి దానంతటదే పక్కకి జరిగింది. హెడ్డు వచ్చి, స్వామీ, తమరి సొరుగు తమరింటి దగ్గరే ఉంచండి, ఇక్కడికి మాత్రం తేవద్దు అని కాళ్ళ మీద పడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు బాబాయ్" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. కొత్తవాళ్ళు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. టీ పిన్ని నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి చెవి మీంచి పెన్సిలు తీసి, మొన చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలిస్తే నువ్వే చెప్పమ్మాయ్" అన్నాడు.

"చెక్కముక్క పెట్టారు" అన్నాను. "ఊగడం ఆగింది. అంతే."